రోజుకు రెండొందల అలర్టులు వస్తున్నాయి, ఒక్కటీ పనికి రావట్లేదు: రొయ్యల గుంటల ఆటోమేషన్ మీద ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అల్లూరు వైపు ఆరు గుంటలు, ఒక్కోటి సుమారు ఎకరం. వన్నామీ రకం రొయ్య, వేసి 70 రోజులు దాటింది. గుంటకో డీవో సెన్సర్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచేది) పెట్టించి, ఆక్సిజన్ 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గితే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడేలా ఓ కుర్రాడితో ప్రోగ్రామ్ రాయించారు. రోజుకు రెండొందల మెసేజ్‌లు పడుతుంటే అందరూ గ్రూపును మ్యూట్‌లో పెట్టేశారు. పోయిన వారం రాత్రి కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ కాకపోతే తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా, మేత స్టాకు, ఐసు, పట్టుబడి (రొయ్య పట్టి అమ్మడం) పనులు కూడా దీంట్లోకే తెచ్చుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. సాఫ్ట్‌వేర్ మార్చక్కర్లేదు, మీ దగ్గరున్న సెన్సర్లు చాలు. మార్చాల్సింది అలర్టు ఎవరికి వెళ్తోంది, అందుకున్న మనిషి ఏం చేయాలి అన్నది. ఒక మనిషి పేరు, ఒక పని, ఒక గడువు లేని అలర్టు ఏదున్నా ఈ రోజే తీసేయండి. ప్రాణం మీదికి వచ్చే పనులు, అంటే కరెంటు పోతే జనరేటర్ రావడం, ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే రెక్కల మోటార్లు) తిరగడం, ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు. అవి గుంట గట్టు మీదున్న ప్యానెల్ బోర్డులోనే జరిగిపోవాలి. మేత, పట్టుబడి సంగతి ఈ రెండూ కుదిరాక చూద్దాం.

నేను నెల్లూరులో ప్యానెల్ బోర్డుల పనితో మొదలుపెట్టి, పదేళ్లుగా గుంటలకు సెన్సర్లు, జనరేటర్ ఆటోమేషన్ చేస్తున్నాను. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల్లోనూ, అటు ప్రకాశం జిల్లా కొత్తపట్నం వైపూ చేశాను. పైన రాసిన మాట నాకు ఒక గుంట పోయాక తెలిసింది. అది ముందు చెప్తాను.

మైపాడు దారిలో ఎనిమిది గుంటల రైతు. సిస్టమ్ పెట్టింది నేనే. అప్పట్లో నేనూ మీలాగే గ్రూపులోకి మెసేజ్ పంపే ఏర్పాటు చేశాను. గ్రూపులో పదకొండు మంది ఉన్నారు: యజమాని, ఆయన తమ్ముడు, టెక్నీషియన్, మేత డీలర్, నేను, మిగతావాళ్లు కూలీలు. ఒక రాత్రి 2.50కి మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజ్ పోయింది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తన పని తాను చేసింది, మోటార్లు కాలిపోకుండా ఆపేసింది. ఐదో గుంటలో ఆరు ఏరియేటర్లకు నాలుగు ఆగిపోయాయి. పది నిమిషాల్లో ఫేజ్ తిరిగి వచ్చింది గానీ, ఆ స్టార్టర్లు మనిషి వచ్చి బటన్ నొక్కితే తప్ప ఎక్కవు. గ్రూపులో మెసేజ్‌లు వరసగా పడుతూనే ఉన్నాయి. గట్టు మీద షెడ్డులో పడుకున్న కుర్రాడి ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోయింది. మిగతా పదిమందీ ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నారు. పదిమందిలో పాము చావదు అంటారు కదా, అదే జరిగింది.

5.15కి ఆ కుర్రాడు లేచి టార్చి వేస్తే గుంట అంచు పొడవునా నీళ్ల పైన ఎర్రటి చుక్కలు మెరుస్తున్నాయి. రొయ్య కళ్లు అవి. గుంటలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, రొయ్య పైకి తేలిందంటే కింద ఊపిరి ఆడట్లేదని. మీటరు 1.4 చూపించింది. ఏరియేటర్లన్నీ వేశారు, ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లారు, మధ్యాహ్నానికి మిగిలినదాన్ని అమ్ముకోవడానికి అర్జెంటుగా వల వేయాల్సి వచ్చింది. ఇంకో నెల పెరగాల్సిన సరుకు చిన్న సైజులోనే పోయింది. ఆ రాత్రి నా సెన్సర్ సరిగ్గానే పనిచేసింది, మెసేజ్ కూడా సరిగ్గానే వెళ్లింది. అయినా గుంట పోయింది. అప్పటి నుంచి ఏ రైతు దగ్గరికి వెళ్లినా సెన్సర్ గురించి మాట్లాడే ముందు నేను అడిగేది ఒకటే: రాత్రి మూడు గంటలకు ఈ గట్టు మీద ఎవరుంటారు, అతని చేతిలో ఏం ఉంటుంది?

ఇక మీ పని ఎలా చేయాలో చూద్దాం.

రెండొందల మెసేజ్‌లు ఎందుకొస్తున్నాయి. మీ లిమిట్ 4.0. రీడింగ్ 3.98, 4.03, 3.97, 4.02 అని ఊగుతూ ఉంటే ప్రతిసారీ ఒక మెసేజ్. దీనికి మూడు మందులు. మొదటిది, ఒక్క రీడింగ్‌ను నమ్మకండి. చివరి ఐదు రీడింగుల్లో మధ్యదాన్ని తీసుకోండి. సెన్సర్‌కు గాలి బుడగ తగిలినా, నాచు ముక్క తగిలినా ఒక రీడింగ్ ఎగిరిపోతుంది, మధ్యది ఎగరదు. రెండోది, 4.0కి మోగిన అలర్టు 4.5 దాటితేగానీ ఆరిపోకూడదు. ఈ అర పాయింటు తేడాతోనే మీ మెసేజ్‌లలో ఎక్కువ భాగం పోతాయి. మూడోది, ఒకసారి మోగాక అదే గుంటకు అదే అలర్టు మళ్లీ పంపొద్దు. పని జరగకపోతే మాత్రం పై మనిషికి వెళ్లాలి. ఇంకో మాట, రీడింగ్ పది సెకన్లకోసారి తీసుకోనవసరం లేదు. గుంటలో ఆక్సిజన్ అంత తొందరగా మారదు, ఐదు నిమిషాలకోటి సరిపోతుంది.

అసలు అలర్టు తెల్లవారుజామున మోగకూడదు, రాత్రి పదిన్నరకు మోగాలి. ఈ ఒక్క మార్పు చేసినా మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. పగలు ఎండకు నీళ్లలో పచ్చటి ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు: రొయ్య, ప్లాంక్టన్, అడుగున ఉన్న బురద అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే రాత్రంతా ఆక్సిజన్ ఇంచుమించు ఒకే వేగంతో పడుతూ, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. ఒకే వేగంతో పడుతుందంటే ముందే లెక్క వేయొచ్చు.

ఉదాహరణకు రాత్రి 8 గంటలకు 6.2 ఉంది, 10.30కి 5.2 ఉంది. రెండున్నర గంటల్లో 1.0 పడింది, అంటే గంటకు 0.4. తెల్లవారుజామున 5.30కి ఇంకా ఏడు గంటలుంది, ఇంకో 2.8 పడుతుంది. 5.2లోంచి 2.8 తీస్తే 2.4. అంటే 10.30కి మీ రీడింగ్ ఏ లిమిటూ దాటలేదు, మీ ప్రోగ్రామ్ నోరు మెదపదు. కానీ తెల్లారేసరికి గుంట ప్రమాదంలో ఉంటుందని లెక్క అప్పుడే చెప్తోంది. ఆ సమయానికి మనుషులు మెలకువగా ఉంటారు. ఆపి ఉంచిన ఏరియేటర్లు వేయొచ్చు, రాత్రి మేత తగ్గించొచ్చు లేదా మానేయొచ్చు, జనరేటర్‌లో డీజిల్ చూసుకోవచ్చు. 3 గంటలకు పరిగెత్తే పని 10.30కి నడిచి చేసుకోవచ్చు.

ఈ లెక్కను ఎక్సెల్ షీటులో అయినా పెట్టుకోవచ్చు. నేను 3కి తక్కువ పడే సూచన ఉంటే పసుపు, 2.5కి తక్కువైతే ఎరుపు అని పెడతాను. ఏరియేటర్లు వేశాక వేగం మారుతుంది కాబట్టి అర్ధరాత్రి మళ్లీ ఒకసారి లెక్క వేయాలి. పగలంతా మబ్బు పట్టిన రోజు సాయంత్రానికే ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, ఆ రోజు లెక్క 7 గంటల నుంచే మొదలుపెట్టండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్య పొర విడిచే రోజులు మీకు తెలుసు. అప్పుడు రొయ్య మెత్తగా, బలహీనంగా ఉంటుంది, ఆక్సిజన్ అవసరమూ ఎక్కువ. పంచాంగం చూసి ఆ నాలుగైదు రోజులకు లిమిట్లు అర పాయింటు పైకి జరిగేలా మీ ప్రోగ్రామ్‌లోనే రాయించుకోండి.

ఎరుపు అలర్టు ఎవరికి ఎలా చేరాలి. మెసేజ్ మీద నాకు నమ్మకం లేదు. నా వరస ఇది. ముందు గట్టు మీద హూటర్, తిరిగే ఎర్రలైటు. దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, ప్యానెల్‌లోని రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్) మోగుతుంది. ఐదు నిమిషాల్లో స్పందన లేకపోతే షెడ్డులో ఉన్నతని ఫోన్‌కు రింగ్ వెళ్లాలి. సిమ్ వేసి ప్యానెల్‌కు కలిపే జీఎస్‌ఎం మాడ్యూలు మామూలు కాల్ చేయగలదు, దానికి ఇంటర్నెట్ అవసరం లేదు. ఇంకో ఐదు నిమిషాలకూ స్పందన లేకపోతే మీకు, ఆ తర్వాత పక్క గుంటల్లో మీకు నమ్మకమైన ఒకరికి. ఆ మాడ్యూలు నెంబరును అందరి ఫోన్లలో సేవ్ చేసి, డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మోగేలా సెట్టింగ్ మీరే దగ్గరుండి పెట్టండి. చెప్తే ఎవరూ పెట్టుకోరు.

అన్నిటికంటే ముఖ్యం, హూటర్ ఆపే బటన్ ఫోన్‌లో ఉండకూడదు. ఆ గుంట ఏరియేటర్ ప్యానెల్ మీదే ఉండాలి. ఫోన్‌లో ఉంటే పడుకునే ఓకే నొక్కేస్తారు. నిద్రమత్తులో ఎవరైనా అదే చేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. బటన్ గట్టు మీదుంటే అది నొక్కారంటే మనిషి అక్కడిదాకా వచ్చాడని అర్థం. వచ్చినవాడు నీళ్లు చూస్తాడు.

వాట్సాప్‌కు అనధికారిక ప్రోగ్రాములతో మెసేజ్‌లు పంపిస్తే నెంబరు బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది, అధికారికంగా అయితే టెంప్లేట్ ఆమోదం, మెసేజ్‌కు ఇంత అని ఖర్చు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ నుంచి ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ కావాలి. పసుపు అలర్టులకూ రోజువారీ రిపోర్టుకూ టెలిగ్రామ్ బాట్ ఉచితంగా సరిపోతుంది.

రిలే పడిందంటే మోటారు తిరిగినట్టు కాదు. చాలామంది ఇక్కడ మోసపోతారు. ఫోన్‌లో ఏరియేటర్ ఆన్ అని పచ్చగా కనిపిస్తుంది, గుంటలో రెక్కలు ఆగి ఉంటాయి. అందుకే ప్రతి మోటారు వైరుకు ఒక సీటీ (వైరు చుట్టూ వేసే, కరెంటు కొలిచే పరికరం) వేసి కరెంటు కొలవండి. 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు లోడ్ మీద సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. గేరుబాక్సు విరిగి మోటారు ఖాళీగా తిరుగుతుంటే ఆంపియర్లు తగ్గుతాయి, రెక్కలకు తాడో నాచో చుట్టుకుంటే పెరుగుతాయి. ఏ మోటారు మామూలుగా ఎంత తీసుకుంటుందో ఒక వారం రాసి పెట్టుకుని, దానికి పావు వంతు అటూ ఇటూ అయితే పగటిపూటే టెక్నీషియన్‌కు పసుపు అలర్టు వెళ్లేలా చూడండి. ఏరియేటర్ రాత్రి ఆగకముందే పగలు బాగుచేసుకోవచ్చు. అసలు మీ గుంటకు ఏరియేటర్లు సరిపోతున్నాయా అన్నది కూడా చూసుకోండి: సుమారు 500 కేజీల రొయ్యకు ఒక హెచ్‌పీ అన్నది మేమంతా వాడే లెక్క. రెండు టన్నులున్న గుంటలో 3 హెచ్‌పీ పెట్టి ఎంత మంచి అలర్టు పెట్టినా లాభం లేదు.

జనరేటర్. మీ జనరేటర్ ఎందుకు స్టార్ట్ కాలేదో రాయలేదు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు కారణం బ్యాటరీ. డీజిల్ ఉంటుంది, ఇంజన్ బాగుంటుంది, సెల్ఫ్ మాత్రం కొట్టదు. బ్యాటరీ వోల్టేజీని కూడా సెన్సర్‌గానే చూడండి. చార్జర్ తీసేసి కాసేపు ఆగాక 12.6 వోల్టుల దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12కి దిగితే దాదాపు ఖాళీ. అలా లోడు లేకుండా చూస్తే కొంచెమే తెలుస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ ఎంత పడిపోతుందో చూస్తే అసలు నిజం తెలుస్తుంది. వారానికోసారి పగటిపూట మెయిన్ ఆపి, ఏరియేటర్ల లోడుతో పావుగంట నడపండి. ఆ పరీక్ష జరగకపోతే మీకు అలర్టు రావాలి. ఇంకోటి, జనరేటర్ రాగానే ఏరియేటర్లన్నీ ఒకేసారి ఎక్కనివ్వకండి. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగితే జనరేటర్ కుంగిపోయి ఆగిపోతుంది. పది సెకన్లకోటి చొప్పున టైమర్లతో ఎక్కించండి. ఫేజ్ తిరిగి వచ్చాక స్టార్టర్లు వాటంతటవే ఎక్కేలా కూడా ఈ టైమర్లతోనే చేయొచ్చు, మైపాడులో నేను చేయనిది అదే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పైకి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ నేను పనిచేసిన ఒక చోట కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. ఫోన్‌లో ఒక్క అలర్టు కూడా రాలేదు. కానీ ప్యానెల్ తనంతట తాను జనరేటర్‌ను తెచ్చుకుంది, హూటర్ రెండుసార్లు మోగింది, మనుషులు గట్టు మీదే ఉన్నారు. అందుకే క్లౌడ్‌లో నిర్ణయం తీసుకుని గుంటకు ఆదేశం పంపే పద్ధతి నేను ఎవరికీ పెట్టను. క్లౌడ్ లెక్కలకూ రికార్డులకూ చాలు.

కబురు రాకపోవడం కూడా అలర్టే. సెన్సర్ చెడిపోతే, రూటర్ ఆగిపోతే మీ ఫోన్ ప్రశాంతంగా ఉంటుంది. అంతా బాగుందనుకుంటారు. ప్రతి గుంట నుంచి పది నిమిషాలకోసారి బతికే ఉన్నానని ఒక సంకేతం రావాలి. మూడు సంకేతాలు రాకపోతే అలర్టు. ఈ కాపలా కాసే ప్రోగ్రామ్ గుంటల దగ్గరున్న అదే పెట్టెలో ఉండకూడదు, కరెంటు పోతే రెండూ కలిసే పోతాయి. ఇంట్లోనో ఆఫీసులోనో వేరే కంప్యూటర్‌లో పెట్టండి.

సెన్సర్ కడగడం గురించి ఒక్క మాట, ఎందుకంటే తప్పుడు అలర్టుల్లో సగం ఇక్కడే పుడతాయి. మన ఉప్పునీటి గుంటల్లో నాలుగు రోజులకే సెన్సర్ ముఖం మీద గోధుమరంగు జిగురు పొర కడుతుంది. వేలితో తాకితే జారుతుంది. ఆ పొర కింద సెన్సర్ గుంటను కాదు, తన మీదున్న పొరను కొలుస్తుంది. మెత్తటి టూత్‌బ్రష్, మంచినీళ్లు, వారానికి రెండుసార్లు. గట్టిగా రుద్దితే సెన్సర్‌కే ఉండే పలచటి పొర చిరుగుతుంది. కడిగాక గాలిలో పట్టుకుని చూపించే రీడింగ్ రాసి పెట్టండి. ఆ అంకె వారం వారం జారుతుంటే క్యాలిబ్రేషన్ చేయాలి. మీ నీటి ఉప్పదనం ఎంతో మీటర్‌లో సరిగ్గా పెట్టారో లేదో కూడా ఒకసారి చూడండి, ఉప్పు ఎక్కువైతే నీళ్లు పట్టుకునే ఆక్సిజన్ తగ్గుతుంది. కడిగే పని చేయలేదంటే దానికీ ఒక పసుపు అలర్టు.

మేత, పట్టుబడి విషయానికొస్తే, అవును, దీంట్లోకే తెచ్చుకోవచ్చు. ఒక్క తేడా గుర్తుంచుకోండి. మేత స్టాకును బస్తాల్లో చూడొద్దు, ఎన్ని రోజులకు వస్తుందో చూడండి. 60 బస్తాలు 40వ రోజున వారానికి వస్తే, 90వ రోజున మూడు రోజులకు కూడా రాకపోవచ్చు. ఉన్న స్టాకును గత మూడు రోజుల సగటు వాడకంతో భాగించండి. వచ్చిన రోజులు, డీలర్ నుంచి బండి రావడానికి పట్టే రోజులకు రెండు కలిపినదానికంటే తగ్గితే అలర్టు వెళ్లాలి. చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి గుంటలో దించే పళ్లెం) చూసే కుర్రాడు ఫోన్‌లో ఒక చిన్న ఫారం నింపితే చాలు, వరసగా రెండు పూటలు ట్రేలో మేత మిగిలితే టెక్నీషియన్‌కు వెళ్లిపోతుంది. జబ్బు మొదలయ్యేది చాలాసార్లు అలానే తెలుస్తుంది, సెన్సర్ దాన్ని పట్టలేదు.

పట్టుబడికి, వారం వారం విసురు వలతో చూసే శాంపిల్ బరువు షీటులో వేయండి. సగటు 20 గ్రాములంటే 50 కౌంట్, అంటే కేజీకి 50 రొయ్యలు. మీరు అనుకున్న కౌంట్‌కు పది రోజుల దూరంలో ఉండగానే పనులు బయటికి రావాలి: యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షకు శాంపిల్ పంపడం, ఐసు చెప్పడం, వల మనుషులు, లారీ. ప్రతిదానికీ ఒక పేరు, ఒక తేదీ. పొర విడిచే రోజులకు పట్టుబడి పడకుండా షీటే చూసుకుంటుంది. ధర మీద నిర్ణయం మాత్రం మెషిన్‌కు ఇవ్వకండి. రేటు మారితే చెప్పమనండి, అమ్మాలా వద్దా అన్నది మీరూ, మీ గుంటలో రొయ్య ఆరోగ్యమూ తేల్చాలి.

ఆరు గుంటలకూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఎక్కువ బరువున్న ఒక గుంట తీసుకుని పదిహేను రోజులు నడపండి. మోగిన ప్రతి అలర్టు పక్కన ఎవరు వచ్చారు, ఎన్ని నిమిషాలకు వచ్చారు, ఏం చేశారు అని ఒక నోటుబుక్కులో రాయించండి. ఏమీ చేయలేదు అని రాసినవాటిని తీసేయండి లేదా లిమిట్ మార్చండి. గుంటకు వారానికి ఒకటి రెండు ఎరుపు అలర్టులకు మించి వస్తుంటే తప్పు సెట్టింగ్‌లోనైనా ఉండాలి, ఏరియేటర్ల సంఖ్యలోనైనా ఉండాలి.

మీ జనరేటర్ కేవీఏ ఎంత, గుంటకు ఎన్ని ఏరియేటర్లు, స్టార్టర్లు ఏ రకం అన్నది రాయండి. ప్యానెల్ లోపలి ఫొటో కూడా పెట్టండి. ఏ మోటారు ఏ వరసలో ఎక్కాలో లెక్క వేసి చెప్తాను. అప్పటిదాకా ఈ రాత్రి నుంచే 8 గంటలకు ఒక రీడింగ్, 10.30కి ఒక రీడింగ్ కాగితం మీదైనా రాయించండి.